అబ్బా బందూక్, కాణిపాకం కసమ్

"తుపాకీ మడమలతో కొట్టారు." ఇరవై ఏళ్ళ పత్రికా పేషాలో ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తెలుగు పత్రికల్లో తుపాకీకి ఉండే చెక్క భాగం పేరు మడమ. ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు ఇంట్లో తెలిసిన పేరు వేరు: కుందా. ఒక్క కుందాయే కాదు, బందూక్‌లో ప్రతి ముక్కకీ మన జబాన్‌లో ఒక ముచ్చటైన పేరుంది. గొట్టం నాలీ. వేలితో నొక్కేది లబ్లబీ. నాలీ కొసన నిలబడే చిన్న గుబ్బ మక్ఖీ, అంటే ఈగ. వెనక గాడి తీసిన రేకు దీద్బాన్, చూపుకి కాపలాదారు. దీద్బాన్ గాడిలో మక్ఖీని నిలబెట్టి గురి చూడటం షిస్త్ బాంధ్‌నా. లోపల పెట్టే సీసపు గుండు ఛర్రా.

ఈ మాటలన్నీ నాకు బళ్ళో రాలేదు. ఉర్దూ స్కూల్లో మాకు గజల్ చెప్పారు, బందూక్ చెప్పలేదు. ఇవి మా అబ్బా మర్హూం దగ్గర నేర్చుకున్నవి. అబ్బా సిపాయీ కాదు, షికారీ కాదు. జాతరల్లో బెలూన్ షాట్ పెట్టేవాడు.

మీరంతా చూసే ఉంటారు. నాలుగు కర్రలు పాతి, ఒక పలక నిలబెట్టి, దాని మీద రంగురంగుల బెలూన్లు వరసగా కడతారు. ముందర ఒక బల్ల, బల్ల మీద ఎయిర్ గన్. డబ్బులిస్తే ఇన్ని ఛర్రాలని ఇస్తారు. మా అబ్బా పలకకి రెండు వరసలు ఉండేవి. పైన బెలూన్లు, అవి పిల్లలకి. కింద మేకులకి దారాలతో వేలాడదీసిన సోడా మూతలు, అవి పెద్దలకి. మూత మోగితే ఇనామ్: సబ్బు పెట్టె, దువ్వెన, చిన్న అద్దం. ఆ దుకాణానికి ఊరు లేదు, మజ్హబ్ లేదు. మొహర్రంలో నెల్లూరు రొట్టెల పండగ, కడప పెద్ద దర్గా ఉరుసు, పెనుకొండ బాబయ్య ఉరుసు, తిరుపతి గంగ జాతర, వినాయక చవితికి కాణిపాకం. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు చవితి నుంచి 21 రోజులు సాగుతాయి కాబట్టి ఏడాదిలో మాకు పెద్ద సీజన్ అదే. మా స్కూలు ఫీజులు, ఈద్ బట్టలు చాలా మటుకు ఆ స్వామి గుడి దారిలో పగిలిన బెలూన్ల నుంచి వచ్చినవే.

మన చిత్తూరు ప్రాంతానికి బందూక్ కొత్త కాదు. హైదర్ అలీ ఆఖరి శ్వాస విడిచింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే, 1782 డిసెంబర్ 7న. ఆయన కొడుకు టిప్పు శ్రీరంగపట్నంలో చేయించిన తుపాకుల మీద పులి చారల నఖ్షా ఉంటుంది, వాటిని ఇప్పుడు విలాయతీ మ్యూజియంలలో అద్దాల వెనక పెట్టుకున్నారు. చుట్టాల్లో ఎవరైనా తాతల బహాదురీ గురించి మొదలుపెడితే నేను నవ్వి ఊరుకుంటాను. మా ఖాన్‌దాన్‌లో మిగిలిన ఒకే ఒక్క హథియార్ బెలూన్లు పేల్చింది.

అబ్బా పోయాక ఆ బందూక్ గోనెపట్టలో చుట్టి అటక మీద ఉండిపోయింది. నిరుడు ఇల్లు సున్నం వేయిస్తుంటే కిందికి దిగింది. కుందాకి ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు, అది పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. చేతి పిడికిలి పట్టే సన్నటి చోట, కుందా నడుం అందాం, డాల్డా డబ్బా రేకు చుట్టి మేకులు కొట్టి ఉంది. మడమ కొస చెదలు తిని కొంత పోయింది. ఇనుము మీద తుప్పు. కంపెనీ ముద్ర వేలాది చేతుల్లో అరిగిపోయి చదవడానికి రాదు. గుజిరీవాడు కిలో లెక్కన అడిగాడు. ఇవ్వలేదు.

ఒక మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి అటకలు ఎక్కేవాళ్ళు ఉంటారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మామూలు తుపాకీ ఏదైనా, నాటుదైనా, లైసెన్సు లేకుండా ఇంట్లో ఉండకూడదు. దాన్ని మరమ్మతు చేయడం, మార్పులు చేయడం కూడా లైసెన్సు ఉన్నవాడి పనే, మీకూ నాకూ కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. 2016 నియమాల ప్రకారం ఛర్రా 4.5 మిల్లీమీటర్లు దాటని, శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. మాది ఆ జాతిదే. ఖానూన్ తెలుసుకున్నాకే చెయ్యి పెట్టాను.

ఖానూన్ ఒప్పుకున్నా ఇంట్లో ఫిక్ర్ పోదు. నా భార్య మొదటి రోజే అంది: "ఛత్ పో నక్కో సుఖావ్ జీ, కోయీ దేఖే తో?" మేడ మీద ఆరబెట్టొద్దు, ఎవరైనా చూస్తే? ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ముసల్మాన్ ఇంటి మేడ మీద బందూక్ ఫొటో వాట్సాప్‌లో తిరిగితే దాని కింద ఏ రాతలు వస్తాయో, వార్తలు రాసే నాకు ఆమె కన్నా బాగా తెలుసు. అందుకని ఇనుము ఎప్పుడూ ఇంట్లో బీరువాలోనే. చెక్క మాత్రం ఊళ్ళో ఆచారి పందిట్లో. చెక్క ఒక్కటే చూస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మంచం కోడు అనుకుంటారు.

ఇక అసలు సంగతి. ఇది నాకు ఉత్త శౌక్ కాదు, దీని వెనక ఒక పాత సవాల్ ఉంది.

అప్పుడు నాకు పదేళ్ళు. కాణిపాకం తిరునాళ్ళ, సాయంత్రం. ఒక పెద్దమనిషి, నలుగురు దోస్తులతో వచ్చాడు. బెలూన్లు వద్దన్నాడు, సోడా మూతలే కొడతానన్నాడు. కొట్టాడు, తగల్లేదు. ఇంకో విడత తీసుకున్నాడు, తగల్లేదు. దోస్తులు నవ్వడం మొదలుపెట్టారు. అతను బందూక్ ఎత్తి నాలీ కొసన చూసి అరిచాడు: "చూడండప్పా, ఈ గుబ్బ వంకరగా పెట్టినాడు సాయిబు! అందుకే ఎవురికీ తగల్లేదు. దొంగ యాపారం!"

మక్ఖీ నిజంగానే వంకరగా ఉంది. నడిమధ్యలో లేదు, ఎడమ పక్కకి జరిగి ఉంది. గుమిగూడిన వాళ్ళంతా చూశారు. నేనూ చూశాను.

అప్పుడు అతను మన జిల్లాలో ప్రతివాడికీ తెలిసిన మాట అన్నాడు: "స్వామి ముందర ప్రమాణం చేస్తావా?" కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేసినవాడు బాగుపడడని నమ్మకం. రాజకీయ నాయకులు కూడా కాణిపాకంలో ప్రమాణానికి సిద్ధమా అని సవాళ్ళు విసురుకుంటారు, అలాంటి వార్తలు నేనే ఎన్నో రాశాను. మా అబ్బా ఒక్క మాటా ఎదురు మాట్లాడలేదు. చెప్పులు విడిచాడు. "రా సామీ, పోదాం" అని గుడి వైపు నడిచాడు. పక్కన టెంకాయలు అమ్మే అవ్వ అడ్డం వచ్చింది. "యాడికి పోతావు సాయిబూ? నువ్వు పమానం చెయ్యాల్సిన పనేముండాది? ఇన్నేండ్లుగా నా పక్కన అంగడి పెడతా ఉండావు, నాకు తెల్దా?" అంది. ఇంకా నలుగురు చేరారు. ఆ మనిషి తిట్టుకుంటూ బందూక్‌ని బండ మీద విసిరేసి పోయాడు. కుందా నడుం దగ్గర పగిలింది.

అలా ఆ కసమ్ జరగలేదు. జరగలేదు కాబట్టే సవాల్ అలాగే మిగిలింది. అబ్బా ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, మేమూ అడగలేదు. ఒక్క మాట మాత్రం ఆయన ముందు నుంచీ, తర్వాత కూడా, మాతో అంటూ వచ్చాడు: "మక్ఖీకు హాత్ నక్కో లగా బేటా." మక్ఖీకి చెయ్యి తగిలించొద్దు. ఎందుకు తగిలించొద్దు? ఆ మాట రెండు రకాలుగానూ అర్థం చేసుకోవచ్చు. జాతర బందూకులకి మక్ఖీ వంచి పెట్టేవాళ్ళు ఉన్నారన్నది అందరూ అనుకునే మాటే. నా పేషా అనుమానించడం. కొడుకుగా ఒక జవాబు మనసులో ఉండొచ్చు, అది గవాహీ కాదు.

పనిలోకి వస్తాను.

నాలీ దగ్గర విరిచి ఛర్రా పెట్టే రకం బందూక్‌కి కుందాని పట్టుకుని ఉండేవి సాధారణంగా మూడు స్క్రూలు. ముందు భాగంలో అటొకటి ఇటొకటి, లబ్లబీ కింద ఒకటి. లోపల ఛర్రా లేదని, స్ప్రింగు బిగించి లేదని చూసుకున్నాకే విప్పాలి. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడాలి, చిన్నదైతే గాడి చెడిపోయి ఇక ఊడి రాదు. మూడూ ఊడాయి. చెక్క చేతికొచ్చింది. ఇనుము కూర్చునే లోపలి కాలువలో పెన్సిల్‌తో ఉర్దూలో ఒక రాత కనిపించింది. "1989, కాణిపాకం, కుందా టూటా." అంతే. మెకానిక్కులు పనిముట్ల లోపల రాసుకునే మాదిరి. ఎవరి పేరూ లేదు, గిలా షిక్వా లేదు.

ఆచారి చెక్కని వెలుతురులో తిప్పి చూసి, "ఇది మన చెట్టు కాదు బాయ్" అన్నాడు. లేత రంగు, మీద బియ్యపు నూకల్లా సన్నటి గోధుమ గీతలు. యూరప్‌లో పెరిగే బీచ్ అనే చెట్టు అలా ఉంటుంది, మామూలు ఎయిర్ గన్‌లకి అక్కడ ఎక్కువగా వాడే చెక్క అదే. ఖరీదైన రైఫిళ్ళకి మాత్రం అఖ్రోట్ చెక్క. అది బరువెక్కువ లేకుండా గట్టిగా ఉంటుంది, వాన ఎండలకి వంకర తిరగడం తక్కువ.

పాత పెయింటు తీయడానికి చాలామంది ముందు గరుకు కాగితం పట్టుకుంటారు. అది ఆఖరి మెట్టు. మొదటే రుద్దితే చెక్క అరిగి ఇనుముకి చెక్కకి మధ్య అంచు కిందికి దిగిపోతుంది, అది మళ్ళీ రాదు. మేము పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక గాజు పెంకు అంచుతో గీకాం. ఆచారి చేతిలో గాజు పెంకు రందా కన్నా సున్నితంగా నడిచింది. పెయింటు కింద నల్లటి జిడ్డు. ఎన్నో ఏళ్ళ చెమట, చెంపల మీది కొబ్బరి నూనె, జాతర దుమ్ము. దానికి టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ, తర్వాత సుద్దపొడి. సుద్దపొడిని టర్పెంటైన్‌లో కలిపి మెత్తి ఆరనిస్తే చెక్కలో దిగిన నూనెని పైకి లాగేస్తుంది. నాలుగు విడతలు మెత్తితే గానీ సుద్ద తెల్లగా రాలలేదు.

సొట్టలకి ఇస్త్రీ పెట్టె. సొట్ట మీద తడి గుడ్డ వేసి వేడి ఇస్త్రీ ఆనిస్తే, ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి పైకి లేస్తాయి. నార తెగిన గాటు మాత్రం లేవదు. మా కుందాకి సొట్టలు పోయాయి, గాట్లు ఉండిపోయాయి. ఉండనిచ్చాను.

డాల్డా రేకు ఊడదీస్తే కింద చెక్క చెమ్మకి నల్లబడి ఉంది. పగులు ఏటవాలుగా పోయింది. ఎందుకు అక్కడే పగిలిందో ఆచారి వేలు పెట్టి చూపించాడు. నడుం దగ్గర నార పొడుగునా పోకుండా అడ్డంగా దిగింది. కుందా చెక్క కోసేటప్పుడు నడుంలో నార తిన్నగా పారాలి, లేకపోతే ఒక్క దెబ్బకి అక్కడే విరుగుతుంది. పగులులో జిడ్డు ఉంటే ఏ జిగురూ పట్టదు కాబట్టి అసిటోన్‌తో కడిగి, అరాల్డైట్ ఎక్కించి, సైకిల్ ట్యూబు పేలికలతో గట్టిగా చుట్టి ఒక పగలూ రాత్రీ వదిలేశాం. తర్వాత అడ్డంగా సన్నటి బెజ్జం వేసి ఒక వెదురు మేకు దిగేశాం. పగులు గీత కనిపిస్తూనే ఉంది. రంగు కలిపి కప్పేస్తానని ఆచారి అన్నాడు. వద్దన్నాను.

చెదలు తిన్న మడమ కొసకి అతుకు కావాలి. ఆచారి నవ్వుతూ, "ఎర్రచందనం తునక ఏస్తే ఎట్టుంటాది బాయ్? ఎర్రగా మెరుస్తాది" అన్నాడు. అతను సరదాకే అన్నాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి చెట్లు కొట్టే కూలీకి వచ్చినవాళ్ళు అని చెప్పారు. ఆ చెట్టు మన కొండల్లో తప్ప పెద్దగా ఎక్కడా పెరగదు. కొట్టడం నేరం, దొంగచాటుగా కొనడం నేరం. మనుషుల ప్రాణాలు తీసిన చెక్క మా అబ్బా కుందాకి అక్కర్లేదు. పాత తోట నుంచి వచ్చిన తోతాపురి మామిడి పలక ఒకటి ఆచారి పందిట్లో ఏళ్ళుగా ఆరుతూ ఉంది. చిత్తూరు జిల్లాలో మామిడికి ఏం కొదవ! అందులోంచి అతుకు తీశాం. రంగు కలవలేదు. కలవకపోయినా పర్లేదు, రెండు చెట్లని తెలియాలి.

ఆ తర్వాత 120, 220, 320 నంబర్ల కాగితాలతో వరసగా, నార వెంట మాత్రమే రుద్దడం. మధ్యలో తడి గుడ్డతో తుడిస్తే సన్నటి నూగు లేస్తుంది, ఆరాక దాన్ని తీసేయాలి. మళ్ళీ తడి, మళ్ళీ నూగు. నూగు లేవడం ఆగే దాకా.

నూనె గురించి నాకు చెప్పింది రిటైరైన ఒక హవల్దార్ చచ్చా. ఆయన సర్వీసంతా .303 రైఫిల్‌తో గడిచింది. ఆ రైఫిల్ కుందాకి వార్నిష్ కాదు, అవిసె నూనె రుద్దేవారట, మన అల్సీ కా తేల్. పాత బందూక్ వాళ్ళు తరతరాలుగా చెప్పుకునే లెక్క ఒకటి ఆయన నోట విన్నాను: వారం రోజులు రోజుకోసారి, నెల రోజులు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆ తర్వాత జిందగీ అంతా ఏడాదికోసారి. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు పడుతుంది. పెయింటు షాపుల్లో దొరికే బాయిల్డ్ రకం ఒక రోజులో ఆరుతుంది. చుక్కలు చుక్కలుగా వేసి అరచేత్తో వేడి పుట్టేలా రుద్ది, మిగిలింది తుడిచేయాలి. తుడిచిన గుడ్డని మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండ చుట్టిన గుడ్డ నిప్పు లేకుండానే అంటుకోగలదు. విప్పి బయట తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచి పెట్టాలి.

చెక్క పని నడుస్తుండగానే ఇనుము శుభ్రం చేశాను. మక్ఖీ ఒక చిన్న గాడిలో కూర్చుని ఉంటుంది, సుత్తితో తట్టితే ఎడమకో కుడికో జరుగుతుంది. తుప్పు తీశాక కనిపించింది: గాడి పక్కన సూదితో గీసిన సన్నటి గీత. మక్ఖీ సరిగ్గా ఆ గీత దగ్గరే నిలబడి ఉంది. నడిమధ్య నుంచి ఎడమకి రెండు మిల్లీమీటర్లు. అంటే అది విసిరితే జరిగింది కాదు, తగిలి వంగింది కాదు. ఎవరో కొలిచి, గీత గీసి, అక్కడ పెట్టారు. ఆ ఎవరో అబ్బాయే.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కుందా బిగించాక ఒక ఆదివారం పొద్దున ఆచారి పందిట్లో వెనక తలుపు వేసి పెట్టాం. గోడకి తడి బంకమన్ను నింపిన గోతాం, దాని మీద తెల్ల కాగితం, మధ్యలో సోడా మూత పెట్టి గీసిన గుండ్రం. గట్టి గోడకి కొడితే ఛర్రా తిరిగొచ్చి కంట్లో పడుతుంది, అందుకే మన్ను, అందుకే కళ్ళకి అద్దాలు. అబ్బా బల్ల నుంచి పలకకి ఎప్పుడూ 12 అడుగులే. టేపుతో కొలిచాను. ఇసక సంచి మీద బందూక్ ఆనించి షిస్త్ బాంధాను. మక్ఖీ అబ్బా పెట్టిన చోటే, ఆ వంకరలోనే.

పది ఛర్రాలు. పదీ గుండ్రం లోపలే పడ్డాయి, మధ్యలో, ఒకదాని మీద ఒకటి, చిటికెన వేలి గోరంత చోట.

తర్వాత మక్ఖీని తట్టి నడిమధ్యకి తెచ్చాను, ఆ పెద్దమనిషి ఎలా ఉండాలన్నాడో అలా. చూడ్డానికి ఎంత సీదాగా ఉందో! మళ్ళీ పది. పదీ గుండ్రానికి ఎడమ పక్కన పడ్డాయి. ఒక్కటీ మూతకి తగిలేది కాదు.

కారణం నాలీని పట్టుకుని కదిపితే తెలిసింది. ఈ రకం బందూక్‌ని ప్రతిసారీ నాలీ దగ్గర విరిచి మూయాలి. జాతరలో రోజుకి వందలసార్లు. విరిచే చోట ఉన్న బోల్టు అరిగి, మూసినప్పుడు నాలీ వెంట్రుక వాసి ఎడమకి వాలి కూర్చుంటోంది. కాబట్టి ఛర్రా ఎడమకి పోతుంది. ఛర్రా ఎటు తప్పుతుందో మక్ఖీని అటే జరపాలి, అది ఖాయిదా. మక్ఖీ ఎడమకి జరిగితే దాన్ని దీద్బాన్ గాడిలోకి తెచ్చేందుకు చెయ్యి నాలీని కుడికి తిప్పుతుంది, తప్పు సరిపోతుంది. హిసాబ్ కూడా సీదాగా ఉంది. మక్ఖీకి దీద్బాన్‌కి మధ్య 40 సెంటీమీటర్లు, 12 అడుగులంటే 366 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది రెట్లు. మక్ఖీ దగ్గర 2 మిల్లీమీటర్లు పలక దగ్గర 18 మిల్లీమీటర్లు. సోడా మూత అడ్డకొలత దాదాపు 27. మధ్యలో గురి చూసినవాడికి 18 మిల్లీమీటర్లు తప్పితే మూత అంచు కూడా దొరకదు.

దొంగ వ్యాపారం చేయాలనుకున్నవాడు ఆ మక్ఖీని సీదాగా వదిలేస్తే చాలు, ఎవరూ అడగరు. వంకరగా కనిపించినందుకే అబ్బా మాట పడ్డాడు. ఆయన వంకర పెట్టింది గిరాకీకి తగలాలని.

ఆచారి కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆ పొద్దు ఈ కాయితం ఉంటే గుడి దాకా నడిచే పనే లేదు కదా" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. అబ్బాకి చదువు తక్కువ. పగలు గొడవలో నిలబడి నాలీ వాలు, తొమ్మిది రెట్లు అని ఎవరికి వివరిస్తాడు? ఆయనకి తెలిసిన దారి ఒకటే, చెప్పులు విడిచి నడవడం.

కాగితాలు అమ్మీకి చూపించాను. ఆమెకి ఇప్పుడు చూపు ఆనదు, బెజ్జాలని వేలితో తడిమింది. "ఉనో రాత్‌కు చిరాగ్ రఖ్‌కే ఠీక్ కర్తే థే" అంది. జాతర మొదలయ్యే ముందు రాత్రి దీపం పెట్టుకుని సరిచేసేవాడట. అంతే చెప్పి చాయ్ అడిగింది. ఆమెకి ఇందులో కొత్త ఏమీ లేదు.

ఇప్పుడు రెండో సవాల్. బేటీకి పన్నెండేళ్ళు, ఎడమచేతి వాటం, షూటింగ్ నేర్చుకుంటానంటోంది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది, 2012లో లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, ఈ 4.5 మిల్లీమీటర్ల ఛర్రాతోనే. వాళ్ళ గురి మధ్యలో పది మార్కుల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. ఆ స్థాయి రైఫిళ్ళలో కుందా మడమ, చెంప ఆనే చోటు అన్నీ మనిషి కొలతకి జరుపుకునేలా ఉంటాయి, ఎందుకంటే ఒంటికి అమరని కుందాతో ఎవరూ స్థిరంగా నిలబడలేరు. కొలతకి పాత పద్ధతి ఒకటుంది: మడమని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడు వేలు లబ్లబీ మీదికి హాయిగా రావాలి. బేటీ వేలు రెండంగుళాలు వెనకే ఆగిపోయింది.

మడమ రెండంగుళాలు కోసేస్తే సరి, అరగంట పని. ఆచారి రంపం తీశాడు కూడా. కుందా అబ్బా అమానత్, కోయడానికి మనసొప్పలేదు. అలాగని అమానత్ పేరు చెప్పి పిల్లని ఖాళీ చేతులతో కూర్చోబెట్టడం కూడా ఇన్సాఫ్ కాదు. మూడు స్క్రూలు విప్పితే ఊడే కుందా కదా, ఇంకోటి చేస్తే? అదే తోతాపురి పలకలోంచి పాతదాన్ని నమూనాగా పెట్టి బేటీ కొలతకి కొత్త కుందా తీశాం. ఈసారి నడుంలో నార పొడుగునా పారింది. చెంప ఆనే చోటు కుడి వైపు ఉబ్బుగా పెట్టాం, ఎడమ భుజం వాళ్ళకి చెంప అటు వైపే ఆనుతుంది. మామిడి చెక్కకి పురుగు బెడద ఉంటుంది కాబట్టి నూనెకి ముందు మందు పూసి ఆరబెట్టాం. మొదటి నూనె పడగానే నారలో బంగారు రంగు లేచింది. పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని వదల్లేదు, మాషాఅల్లాహ్.

అరిగిన బోల్టు మార్చేస్తే నాలీ సరిగ్గా కూర్చుంటుంది, మక్ఖీ కూడా నడిమధ్యకి వచ్చేయొచ్చు. మార్చలేదు. బేటీ పెద్ద పోటీలకి వెళ్ళే రోజు వస్తే, ఇన్షాఅల్లాహ్, దానికి వేరే రైఫిల్ చూసుకుందాం. ఇంట్లో నేర్చుకోవడానికి ఇది చాలు, ఇది తిన్నగానే కొడుతుంది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పనిముట్లు ఏవో ఒకటి పడి ఉంటాయి. దర్జీ కత్తెర, అత్తర్ పెట్టె, బీడీ కొలత రేకు, బ్యాండ్ మేళం బూరా. వాటిని గుజిరీకి వేసే ముందు ఒక్కసారి విప్పి శుభ్రం చేసి చూడండి. ఎక్కడ వంకరగా ఉందో అక్కడ సరిచేసే ముందు, అది ఎందుకు వంకరగా ఉందో వాడి చూడండి.

మా కుందాలు రెండూ ఇప్పుడు నెలకోసారి నూనె విడతలో ఉన్నాయి. పోయిన నెల నూనె వంతు బేటీది. పని మధ్యలో మక్ఖీ చూసి అడిగింది: "అబ్బా, ఏ టేఢా హై, సీదా కరూఁ?"

"నక్కో బేటా," అన్నాను, "హాత్ నక్కో లగా." ఎందుకో కూడా చెప్పాను, కాగితం మీద గీసి.

ఖుదా హాఫిజ్.